రెండు గడుల్లో టిక్కు

చౌడప్ప చేసిన తప్పు చిన్నదే. ఒక గడిలో టిక్కు పెట్టమన్న చోట రెండు గడుల్లో పెట్టాడు. దానివల్ల ఒక ఇల్లు రెండు ఇళ్ళయింది, ఒక సంసారం రెండు కుటుంబాలయింది, ఇద్దరు సహాయ సంచాలకులు మిద్దె మీద ఎండలో కూర్చుని నల్లబడ్డారు. ఇంతా జరిగాక చూస్తే ఆ టిక్కులు రెండూ నిజమే. ఆఫీసులో దాన్నే పెద్ద తప్పుగా రాసుకున్నారు.

చౌడప్పది మదనపల్లె నీరుగట్టువారిపల్లె. అక్కడ ఏ వీధిలో నడిచినా ఇళ్ళల్లోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అతను పట్టుచీరలు నేస్తాడు. పట్టును ఉడికించి రంగు అద్దేది అతని భార్య సులోచన. ముడిపట్టును జిగురు వదిలేదాకా సబ్బునీళ్ళలో ఉడికించాలి, తర్వాత రంగునీళ్ళలో ముంచి తిప్పాలి. అన్నిటికీ వేన్నీళ్ళే. ఇరవై రెండేళ్ళు కట్టెలపొయ్యి ముందు కూర్చుని కూర్చుని ఆమెకు దగ్గు పట్టుకుంది. అది మామూలు దగ్గు కాదు, మొదలైతే మనిషిని గోడకు ఆనించి గాని వదిలేది కాదు. ఆస్పత్రి డాక్టరమ్మ ఫొటో తీసి చూసి, ఇంకో ఏడాది ఈ పొగలో కూర్చుంటే ఊపిరితిత్తులు దక్కవని ఉన్నమాట చెప్పింది. చౌడప్పకు భయమేసింది.

ఆ భయంతోనే ఎండపలక కొన్నాడు. అట్లాంటివి ఊళ్ళో అదివరకే ఉన్నాయిగానీ ఇది కొత్త రకం. పైన అద్దం కింద కరెంటు పుట్టించే పలక, దాని వీపుకు అంటుకుని సన్నటి నీళ్ళ గొట్టాలు. ఎండకు పలక కాలుతుంది కదా, ఆ కాక గొట్టాల్లో నీళ్ళు లాక్కుంటాయి. నీళ్ళు వేడెక్కుతాయి, పలక చల్లబడుతుంది, చల్లబడిన పలక ఇంకాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది. ఒక పని ఇంకో పనికి సాయం. చౌడప్పకు ఇది ఒక్కసారి చెబితే అర్థమైంది. అర్థం కానివాళ్ళు తర్వాత వస్తారు.

బిగించిన మర్నాటి నుంచి మిద్దె మీది తొట్టిలో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా దిగాయి. మిగతా మరుగు గ్యాసుపొయ్యి చూసుకుంది. దారాన్ని కండెలకు చుట్టే మోటారు, మగ్గం మీది లైటు, రెండు ఫ్యాన్లు ఎండ కరెంటుతో నడిచాయి. కట్టెలపొయ్యి మీద సులోచన తులసికుండీ పెట్టింది. పదకొండు రోజులు ఆ ఇంట్లో పొగ లేదు.

పన్నెండో రోజు సౌరశక్తి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మిద్దె మీద ఎండ పట్టే ఏ పరికరమైనా రిజిస్టరు కావాలి, లేకుంటే దింపించేస్తారు. జతచేసిన ఫారంలో ఏడో ప్రశ్న ఇది: పరికరము విద్యుత్తు కొరకా, వేడి కొరకా? ఏదో ఒక గడిలో మాత్రమే టిక్కు పెట్టవలెను.

చౌడప్ప రెండింట్లోనూ పెట్టాడు. పొగరుతో కాదు, అలవాటుతో. నేత సొసైటీలో నూలు ఫారం నింపేటప్పుడు పడుగు ఎంత, పేక ఎంత అని రెండు గడులుంటాయి. నిలువు దారాలు పడుగు, అడ్డదారాలు పేక. ఒకటి ఖాళీగా ఉంటే సొసైటీ గుమాస్తా ఫారం మొహాన కొడతాడు. ముప్పై ఏళ్ళు ఆ ఫారం నింపినవాడికి రెండు గడులు కనబడితే ఒకటి వదిలెయ్యడానికి చెయ్యి రాదు.

ఆ ఫారం వెళ్ళి పడిన భవనంలో రెండు అంతస్తులు. కింద సౌర విద్యుత్ విభాగం, పైన సౌర ఉష్ణ విభాగం. కింద సహాయ సంచాలకుడు భుజంగరావు, పైన సహాయ సంచాలకుడు వేదాచలం. ఇద్దరూ ఒకే మెట్లెక్కి వచ్చినా, ఒకరి ఫైలు ఇంకొకరికి చేరాలంటే పోస్టులో పోవాల్సిందే. ఇద్దరికీ కలిపి ఉన్న నిబంధన ఒక్కటే, ఒక కుటుంబానికి ఒకే సౌర ప్రయోజనం. రెండు టిక్కుల ఫారం చూసి కిందాయన అది తనదన్నాడు, పైనాయన తనదన్నాడు. ఇద్దరూ వేర్వేరు జీపుల్లో ఒకే రోజు నీరుగట్టువారిపల్లెకు వచ్చారు.

భుజంగరావు మిద్దెక్కి, పలక చుట్టూ మూడుసార్లు తిరిగి, పరికరము యొక్క ప్రధాన స్వభావము విద్యుత్తేననీ, నీరు దాని వెనుక భాగమున అనధికారికముగా ప్రవహించుచున్నదనీ రాసుకున్నాడు. వేదాచలం వంగి గొట్టాలు తడిమి, చెయ్యి కాలి, అది ఉష్ణ పరికరమేననీ, దాని పైభాగమును విద్యుత్తు ఆక్రమించినదనీ రాసుకున్నాడు. రెంటిలో ఏదో ఒకటి పీకేస్తే తక్షణం రిజిస్టరు చేస్తామని ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు. వాళ్ళు ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

గొట్టాలు పీకేస్తే పలక కాగిపోయి కరెంటు తగ్గుతుందనీ, పలక తీసేస్తే మోటారు ఆగిపోతుందనీ, ఒకటి లేకుండా ఇంకోటి కుదరదనీ చౌడప్ప బతిమాలుకున్నాడు. తన భార్య దగ్గు సంగతి కూడా చెప్పాడు. ఫారంలో దగ్గుకు గడి లేదని వేదాచలం మర్యాదగానే చెప్పాడు.

వారం తర్వాత ఉమ్మడి సమావేశం జరిగింది. అందులోంచి ఎండ పంపకం ఉత్తర్వు పుట్టింది. పలకను పీకనక్కర్లేదు. ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా పడే ఎండ విద్యుత్ విభాగానిది. అప్పుడు గొట్టాల్లో చుక్క నీరుండకూడదు. పన్నెండు నుంచి ఆరు దాకా పడే ఎండ ఉష్ణ విభాగానిది. అప్పుడు కరెంటు తీగలు పీకి పక్కన పెట్టాలి. మధ్యాహ్నం పన్నెండుకు ఒక అధికారి ఎండను అప్పగించాలి, ఇంకో అధికారి పుచ్చుకోవాలి, రిజిస్టరులో ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఎండ అప్పగింత సహాయ సంచాలకుడి స్థాయికి తగ్గరాదు కాబట్టి ఆ ఇద్దరూ తామే రావాలి. ఉత్తర్వు రాసేటప్పుడు ఈ వాక్యం గౌరవంగా ఉందనుకున్నారు, తర్వాత చాలా బాధపడ్డారు.

మర్నాటి నుంచి మిద్దె మీద రెండు కుర్చీలు, రెండు గొడుగులు. మొదటి రోజే చిక్కొచ్చింది. పన్నెండు గంటలకు వేదాచలం పలక మీద చెయ్యి పెట్టి చూసి పుచ్చుకోనన్నాడు. పలక కాలిపోతోంది. ఉదయం పుట్టిన వేడి తన హయాంలోది కాదు, దాన్ని తీసుకుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పోనీ మీ దగ్గరే ఉంచుకోండి అంటే, వేడి నిల్వ ఉంచుకునే అధికారం తనకు లేదని భుజంగరావు అన్నాడు. ఇద్దరూ అరగంట ఆలోచించి, హక్కుదారు లేని వేడిని నిర్మూలించవలెనని తీర్మానించారు.

నిర్మూలించే పని సులోచన మీద పడింది. రోజూ పదకొండున్నరకు ఆమె బిందెలతో చన్నీళ్ళు మిద్దె మీదికి మోసి, గోనెసంచులు తడిపి, పలక మీద కప్పాలి. అది చల్లబడ్డాక సంచులు తీస్తే వేదాచలం సంతకం పెట్టి, మళ్ళీ వేడెక్కమని దాని ముందు కూర్చునేవాడు. సాయంత్రానికి తొట్టిలో నీళ్ళు చంటిపిల్లకు పోసేటంత గోరువెచ్చగా ఉండేవి. అటు ఉదయం నీళ్ళు లేక కాగిపోయిన పలక కరెంటు తక్కువిచ్చింది. సూర్యుని వైపు నుండి సహకారము కొరవడినది అని భుజంగరావు నమోదు చేసుకున్నాడు. మబ్బు పట్టిన రోజు ఆ మబ్బు ఎవరి వాటాలో పడుతుందో తేలక ఇద్దరూ సెలవు పెట్టారు.

గోరువెచ్చని నీళ్ళతో పట్టు జిగురు వదలదు. గ్యాసుపొయ్యి మీద అన్ని నీళ్ళూ మొదటినుంచీ కాచాలంటే అయ్యే పని కాదు. ఓ ఉదయం సులోచన తులసికుండీని దించి పక్కన పెట్టి, కట్టెలు ఎగదోసింది. చౌడప్ప గుంతమగ్గంలో కూర్చుని చూస్తూనే ఉన్నాడు, ఆపలేకపోయాడు. బంగారుపాళ్యం పెళ్ళివాళ్ళ చీరలు ఆరు మగ్గం మీద ఉన్నాయి. పది గంటలకు దగ్గు వినబడింది. పదకొండున్నరకు అదే దగ్గు బిందెతో మెట్లెక్కుతూ వినబడింది.

ఆ మధ్యాహ్నం అతను నేసి దించిన చీరను భుజాన వేసుకుని మిద్దెక్కాడు. ఇద్దరు అధికారుల ముందూ దాన్ని పరిచాడు.

"సార్, ఇందులో పడుగుండాది, పేకుండాది. పడుగంతా మీరు లాక్కోండి, పేకంతా ఆ సారు లాక్కోనీ. ఇంగ మా ఆడమనిషి కట్టుకునేదానికి ఏముంటాది?"

ఇద్దరూ వంగి చీర వంక చూశారు. మనసు కరిగిందనుకున్నాడు చౌడప్ప. కరిగిందిగానీ, కరిగి వేరే వైపు పారింది. భుజంగరావు కళ్ళజోడు సర్దుకుని, అర్జీదారుకు రెండు ప్రయోజనాలూ విడదీయరానివైనచో, నిబంధన ప్రకారం కుటుంబానికి ఒక్కటే ఇవ్వదగినదైనచో, లోపము పరికరమునందు లేదు, కుటుంబము యొక్క సంఖ్యయందున్నదని అన్నాడు. వేదాచలం లేచి ఆయన చేయి పట్టుకుని ఊపాడు. ఆ భవనం కట్టినప్పటినుంచీ రెండు అంతస్తులూ కరచాలనం చేసుకోవడం అదే మొదటిసారి.

కుటుంబ విభజన ఉత్తర్వు పది రోజుల్లో వచ్చింది. ఇద్దరూ టేపు పట్టుకుని వచ్చి ఇంటిని కొలిచి, వీధి గడప నుంచి పెరటి గోడ దాకా నేల మీద తెల్ల రంగుతో గీత గీశారు. గీతకు ఎడమవైపు ఇంటి నంబరు 6-42/1. అందులో మగ్గం, కండెల మోటారు, కరెంటు మీటరు, బీరువా, కుటుంబ పెద్దగా చౌడప్ప. అది విద్యుత్తు పొందే కుటుంబం. కుడివైపు 6-42/2. అందులో వంటిల్లు, రంగు తొట్లు, నీళ్ళగది, మిద్దె మెట్లు, పిట్టగోడ, కుటుంబ పెద్దగా సులోచన. అది వేడి పొందే కుటుంబం. ఫారంలో సులోచన భర్త నివాసం అన్న చోట 'పొరుగిల్లు' అని రాశారు.

మేము మొగుడూ పెళ్ళాలమే కదా సార్ అని చౌడప్ప అడిగాడు. దాంపత్యం తమ పరిధిలోకి రాదని ఇద్దరూ ఒక్కసారే చెప్పారు.

ఉత్తర్వులో పంతొమ్మిది షరతులున్నాయి. ఒకటో ఇంటి కరెంటు గీత దాటరాదు. రెండో ఇంటి వేన్నీళ్ళు గీత దాటరాదు. దాంతో సులోచన వంటింట్లో చీకట్లో కూరలు తరిగింది. మగ్గం మీది లైటు వెలుగు గుమ్మంలోంచి ఇటు పడుతోంది, పరవాలేదా అని అడిగితే, దానంతటది పడే వెలుగుకు అభ్యంతరం లేదుగానీ ఉద్దేశపూర్వకంగా వాడుకోరాదని భుజంగరావు వివరించాడు. చౌడప్ప మార్గశిర మాసపు మదనపల్లె చలిలో చన్నీళ్ళు పోసుకుని పళ్ళు టకటకలాడించాడు. రెండో ఇంట్లో రంగు వేసిన పట్టు ఒకటో ఇంట్లోకి రావాలంటే అప్పగింత చీటీ ఉండాలి. భార్య వండిన సంగటి గీత మీద పెడితే మొగుడు ఇవతల నుంచి అందుకోవాలి. పెళ్ళయిన ఈ ఇరవై మూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఇంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సరే, కుటుంబాలు రెండయ్యాయి కదా, పలకను రెండు పనులూ ఒకేసారి చేసుకోనిస్తారనుకున్నారు. కుటుంబాలు రెండయినా ఎండ ఒక్కటే కాబట్టి పంపకం యథాతథంగా కొనసాగుతుందని పంతొమ్మిదో షరతు చెప్పింది. మళ్ళీ కుర్చీలు, గొడుగులు, గోనెసంచులు, కట్టెలపొయ్యి.

ఒకరోజు నిర్మూలనకు రెండో బిందె మోస్తూ సులోచన మెట్ల మధ్యలో ఆగిపోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. బిందె చేజారి దొర్లుకుంటూ కిందికి పోయింది. చౌడప్ప మగ్గంలోంచి లేచి, షరతులు మరిచిపోయి, గీత దాటి పరిగెత్తాడు. ఆమె గోడకు ఒరిగి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనిండా నీళ్ళతో కూర్చుని ఉంది. అతను వీపు నిమురుతుంటే పైనుంచి వేదాచలం తొంగిచూసి, ఒకటో కుటుంబం వారు రెండో ఇంట్లోకి ఏ అనుమతితో వచ్చారని అడిగాడు. పద్నాలుగో షరతు చదువుకోమన్నాడు. ఒక ఇంట్లోకి ఆ ఇంటి పెద్ద లిఖితపూర్వక అనుమతి లేకుండా అన్యులెవరూ ప్రవేశించరాదు. ఒక్క మినహాయింపు కూడా లేదు, అందరికీ వర్తిస్తుందని గట్టిగా చెప్పాడు.

సులోచన దగ్గు ఆగాక ఆ షరతును భర్తతో చదివించుకుంది. ఇంకోసారి చదవమంది. సాయంత్రం దాకా దేన్నో లెక్కకట్టుకుంటున్నట్టు మెట్ల వైపే చూస్తూ పట్టు పిండింది.

మర్నాడు ఎనిమిది గంటలకు భుజంగరావు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చేసరికి సులోచన మిద్దె మెట్ల మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఒళ్ళో అట్ట మీద కాగితం, చేతిలో పెన్సిలు పెట్టుకుంది. జరగమ్మా అన్నాడాయన. ఆమె జరగలేదు. ఆ మెట్లు 6-42/2లో ఉన్నాయనీ, ఆ ఇంటి పెద్ద తాననీ, గీత గీసింది ఆయనేననీ వినయంగా గుర్తుచేసింది. అర్జీ పెట్టుకుంటే పరిశీలిస్తానంది. కాగితం ఆయన చేతికిచ్చింది. దాని మీద చౌడప్ప దస్తూరిలో రెండు గడులు గీసి ఉన్నాయి.

"మీరు మిద్దెక్కేది కరెంటుకా, వేడికా సార్? ఒక గడిలోనే టిక్కు పెట్టల్ల."

భుజంగరావు నిజాయితీగల అధికారి. విద్యుత్తు గడిలో టిక్కు పెట్టాడు. అది చూసి సులోచన నొచ్చుకుంది. ఇది వేడి కుటుంబమనీ, కరెంటు పని మీద వచ్చినవాళ్ళు పక్కింట్లో కనుక్కోవాలనీ చెప్పింది. ఆయన గీత దాటి పక్కింట్లోకి వెళ్ళాడు. ఒకటో కుటుంబం పెద్ద ఆయనకు ముక్కాలిపీట వేసి, ఎంతసేపైనా కూర్చోమన్నాడు.

"మా ఇంట్లో మెట్లు ల్యావు సార్," అన్నాడు చౌడప్ప, పేకదారాన్ని అటూ ఇటూ తిప్పే నాడె ఆపకుండానే. "కొలిచింది మీరే గదా."

నిచ్చెన వేసుకుంటానన్నాడు భుజంగరావు. నిచ్చెన తల ఆనేది పిట్టగోడకు, పిట్టగోడ రెండో ఇంటి కొలతల్లో ఉంది.

పదకొండున్నరకు వేదాచలం వచ్చాడు. జరిగింది విని లోలోపల సంతోషించి, తనది వేడేనని దర్జాగా టిక్కు పెట్టాడు. సులోచన లేచి నిలబడి దారి ఇచ్చింది. ఆయన రెండు మెట్లెక్కి ఆగాడు. పైన ఎండను అప్పగించేవాళ్ళు ఎవరు? అప్పగింత సంతకం లేకుండా పుచ్చుకోవడం నిబంధనకు విరుద్ధం. అప్పగించాల్సిన మనిషి పక్కింట్లో పీట మీద మజ్జిగ తాగుతున్నాడు. ఆయన పైకి రాకూడదు, ఎండ కిందికి రాదు. వేదాచలం ఆ రెండో మెట్టు మీదే చాలాసేపు నిలబడి, వచ్చిన దారినే దిగాడు.

ఇద్దరూ చెరో జీపులో వెళ్ళి పైఅధికారులకు చెరో లేఖ రాశారు. కిందినుంచి పోయిన లేఖ అభిప్రాయం కోసం పై అంతస్తుకు వెళ్ళింది, పైనుంచి పోయింది కింది అంతస్తుకు వచ్చింది. అవి ఇప్పటికీ పోస్టులోనే ఉన్నాయి. విషయం తేలేవరకు పరికరాన్ని ఎవరూ తాకరాదని మాత్రం మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అది చేరేలోపే చౌడప్ప తీగలు తగిలించి, గొట్టాల్లోకి నీళ్ళు వదిలేశాడు. ఇక ఎవరూ తాకని పలక మిద్దె మీద తన మానాన తను రెండు పనులూ చేసుకుంటూ కూర్చుంది.

పెళ్ళివాళ్ళ ఆరో చీర కొంగు నేస్తుండగా ఓ పొద్దున చౌడప్పకు ఏదో వెలితి తోచింది. నాడె సరిగ్గానే ఆడుతోంది, పోగు తెగలేదు. అయినా చెవికి ఏదో తక్కువైంది. మగ్గం ఆపి విన్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు, తొట్టిలో నీళ్ళు తిప్పుతున్న చప్పుడు, అంతే. ఎన్ని రోజులైందో లెక్క చూసుకుంటే పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులుగా ఆమె దగ్గలేదు. అతను మగ్గం గుంతలో అట్లాగే కూర్చుని, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదు కాబట్టి ఏడవలేదనే అనుకోవచ్చు.

తర్వాత లేచి, ఖాళీ బకెట్టు పట్టుకుని వెళ్ళి తెల్ల గీత ఇవతల నిలబడ్డాడు. వంటింట్లో మళ్ళీ తులసికుండీ పొయ్యెక్కి ఉంది. సులోచన తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, పక్కింటివాళ్ళకు ఏం కావాలని అడిగింది. నవ్వాపుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

"వేన్నీళ్ళా, కాఫీనా? ఒకటే చెప్పల్ల."

"రెండూ," అన్నాడు చౌడప్ప, గీత దాటి లోపలికొస్తూ.